కానుగ నూనెతో డీజిల్ వ్యాను



మాది ఆమడగూరు ప్రాంతము. మా సీమ సంగతి తెలిసినవారికి నేను చెప్పనక్కరలేదు. వాన తక్కువ, రాయి ఎక్కువ. వాన వస్తే చెనక్కాయ, బోరులో నాలుగు నీళ్లుంటే టమాటా. చెనక్కాయలు కదిరికి పోవలె, టమాటాలు తనకల్లు, ములకలచెరువు మీదుగా మదనపల్లెకు పోవలె. మా తాతగారి కాలములో ఈ పని ఎద్దులబండి చేసేది. ఎద్దుకు మేత చేనిలోనే పండేది. చెనక్కాయ కట్టె, జొన్నచొప్ప, గట్టుమీది గడ్డి, వీటికి ఎవరికీ రొక్కం ఇచ్చే పని లేదు. ఇప్పుడు ఆ పని డీజిల్ వ్యాను చేస్తున్నది. దీనికి మేత చేనిలో పండదు, బంకులో కొనవలె. పంట వచ్చినా రాకున్నా, ధర ఉన్నా లేకున్నా, బంకువాడికి మాత్రం రొక్కం ముందర పెట్టవలె.

నాకు ఒక పాత డీజిల్ వ్యాను ఉన్నది. నా సరుకుతోబాటు ఊళ్లో నలుగురి సరుకు కూడా వేసికొని పోతుంటాను. మా బావిగట్టు మీద, చెరువుకట్ట వెంబడి కానుగ చెట్లు చాలా ఉన్నవి. ఏటా కాయలు రాలి, మట్టిలో కలిసిపోతుంటవి. ఎద్దు మేత గట్టుమీద పండినట్లు ఈ వ్యాను మేత కూడా గట్టుమీద పండదా అని నాకు ఒక దురద పుట్టింది. ఆ దురద వలన నాకు జరిగిన నష్టము, తరువాత నేర్చుకొన్న పద్ధతి, ఈ రెండూ మీకు చెప్పవలెనని వచ్చినాను.

ఈ ఆలోచన నాది కాదు, చాలా పాతది. డీజిల్ ఇంజనును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు పేరే ఆ నూనెకు పెట్టినారు గదా. 1900లో పారిస్ నగరములో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. అక్కడ ఒక చిన్న డీజిల్ ఇంజనును ఏ నూనెతో నడిపించినారనుకొన్నారు? మన చెనక్కాయ నూనెతో! ఆఫ్రికాలో తమ వలసలలో చెనక్కాయ విస్తారముగా పండుతున్నది గనుక, దానితో అక్కడనే ఇంజన్లు నడిపించవచ్చునా అని ఫ్రెంచి ప్రభుత్వమువారు ఆ పరీక్ష చేయించినారు. ఇంజను ఎంత నెమ్మదిగా నడిచిందంటే, లోపల పోసినది చెనక్కాయ నూనె అని చూడవచ్చిన జనములో చాలామందికి తెలియనే లేదట. అనంతపురం జిల్లా రైతు ఈ మాట వింటే మీసము మీద చేయి వేసికొనవచ్చును. కాని తినే నూనెను ఇంజనుకు పోసే రోజులు కావివి. చెనక్కాయ నూనె డీజిల్ కంటే ప్రియము. అందువలన నా చూపు కానుగ మీద పడింది. దాని నూనె చేదు, ఎవరూ తినరు. దీపాలకు, సబ్బులకు, తోళ్ల పనికి, పశువుల చర్మవ్యాధులకు మాత్రమే వాడుతారు.

ఇక నా తెలివితక్కువ పని వినండి.

మూడేండ్ల కిందట కానుగ గింజలు కొట్టించి, మిల్లులో ఆడించి, నూనెను గుడ్డలో వడగట్టి, తిన్నగా వ్యాను ట్యాంకీలో పోసినాను. ముప్పై లీటర్ల డీజిల్‌లో పది లీటర్ల కానుగ నూనె. బండి చక్కగా కదిలింది. పొగ వాసన మాత్రం దేవళములో దీపపు కుందె వాసనలాగా వచ్చేది. బస్టాండు దగ్గర పిల్లలు "దీపాల బండి వచ్చె" అని నవ్వేవారు. నేను మాత్రం లోలోపల మురిసిపోయినాను. పది లీటర్ల డీజిల్ డబ్బు మిగిలింది గదా!

నెల గడిచింది. తెల్లవారుజామున బండి తొందరగా అందుకొనేది కాదు. అందుకొన్నాక తెల్లపొగ కక్కేది. ఎక్కుడు వచ్చినచోట లాగేది కాదు. బ్యాటరీ తప్పనుకొన్నాను, చలి తప్పనుకొన్నాను, నా తప్పనుకోలేదు. నెలన్నర తిరిగేసరికి ఒకనాడు ములకలచెరువు దాటినాక ఎక్కుడులో బండి నిలిచిపోయింది. లోపల టమాటా బాక్సులు. వాటిలో సగము మా పక్క చేని అక్కవి. ఎండ ఎక్కుతున్నది. మార్కెట్టులో వేలము ముగిసినాక చేరితే సరుకును అడిగేవాడు లేడు. వేరే బండి పిలిచి సరుకు మార్చేసరికి మధ్యాహ్నమైంది. అడుగు బాక్సులు నలిగి నీరు కారుతున్నవి. వచ్చిన ధర బాడుగలకు చాలలేదు. అక్కకు ఆ నాటి మంచి ధర లెక్కగట్టి నా చేతినుండి ఇచ్చినాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "బండి బాగైనాక చెప్పు తమ్ముడా" అన్నది. తరువాతి కోత మాత్రం మరొక బండికి ఎత్తింది. డబ్బు పోయినదానికంటే ఇది నాకు ఎక్కువ బాధ కలిగించింది.

బండిని కట్టి లాగించి మెకానిక్ షెడ్డుకు చేర్చినాము. ఆయన నాజిళ్లు విప్పి, నా ముందర బల్లమీద పెట్టి, నా మొహము వంక చూచినాడు.

"ఏంది సామీ ఇది? బండికి డీజిల్ పోసినావా, దీపానికి పోసే నూనె పోసినావా?"

"కానుగ నూనె పోసినానన్నా. పాతిక పాళ్లు."

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురూ చెప్పలేదన్నా. నేనే."

"అట్ల చెప్పు. ఎవురో చెప్పింటే వాణ్ణి తిట్టుకొందామని అడిగితి" అన్నాడు.

నాజిల్ మొనమీద బొగ్గు గట్టిపడి, పువ్వు విచ్చుకొన్నట్లు పెరిగి ఉన్నది. ఇంజను ఆయిలు జావలాగా చిక్కబడింది. పిస్టను రింగులు అతుక్కొని పోయినవి. నాజిళ్లు, పంపు సర్వీసు, రింగులు, ఆయిలు, కూలి అన్నీ కలిసి రెండు నెలల బాడుగ రాబడి మింగినవి.

కారణము ఏమిటంటే, నూనె చిక్కదనము. చేతికి వెచ్చగా తగిలే నలభై డిగ్రీల వేడిలో కొలిస్తే కానుగ నూనె డీజిల్ కంటే సుమారు పదింతలు చిక్కన. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే నూనె అంటుకొనవలె. అట్లు అంటుకొనవలెనంటే నాజిల్ సన్నని రంధ్రములనుండి నూనె మంచుతుంపర లాగా పడవలె. చిక్కని నూనె తుంపరగా విడిపోదు, లావు చుక్కలుగా పడుతుంది. చుక్క పైపైన కాలి లోపల పచ్చిగా మిగిలిపోతుంది. ఆ పచ్చిది బొగ్గయి నాజిల్‌కు, రింగులకు పట్టుకొంటుంది. కొంత గోడలవెంట జారి కింద ఇంజను ఆయిలులో కలుస్తుంది. ఇది ఒక్కరోజున తెలిసే సంగతి కాదు. అందుకనే మొదటి నెల మనము మోసపోతాము.

మీలో చదువుకొన్నవారు ఒక ప్రశ్న వేయవచ్చును. ఆదిలాబాదులో కానుగ నూనెతో ఇంజన్లు నడిచినవి గదా, అక్కడ చెడనిది నీ బండిలో ఎందుకు చెడిందని. నిజమే. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో ఉడిపి శ్రీనివాసగారు కానుగ నూనె మీద ఏండ్ల తరబడి కృషి చేసినారు. ఆ కృషి వలన అప్పటి ఆదిలాబాదు జిల్లాలో కరెంటు లేని గిరిజన గూడెములలో కానుగ నూనె పోసిన డీజిల్ జనరేటర్లతో దీపాలు వెలిగినవి. ఆ జిల్లాలోనే పవర్‌గూడ అనే గూడెము ఉన్నది. అక్కడి మహిళా సంఘాలవారు కానుగ మొక్కలు పెంచి, గింజలు ఆడించే మిల్లు నడిపినారు. ఆ నూనె వాడకము వలన తగ్గే 147 టన్నుల బొగ్గుపులుసు గాలికి ప్రపంచ బ్యాంకు 2003లో 645 డాలర్లు ఆ ఆడవారికి చెల్లించింది. ఇది మన తెలుగువారికి గర్వకారణమైన సంగతి.

కాని, సోదరులారా, జనరేటరు వేరు, వ్యాను వేరు. జనరేటరు ఒకచోట కూర్చొని, ఒకే వేగముతో, ఒకే బరువుతో, ఇంజను బాగా వేడెక్కి నడుస్తుంది. వేడికి నూనె పలుచబడుతుంది. వ్యాను అట్లు కాదు. ఎక్కుతుంది, దిగుతుంది, సందులో నిలబడుతుంది, ఊరికే గుడగుడలాడుతుంది. చల్లారుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే పచ్చినూనె ఎక్కువ చేటు చేస్తుంది. ఈ భేదము తెలియకనే నేను దెబ్బతిన్నాను.

మరి ఉపాయము లేదా? ఉన్నది. నూనెను నూనెగా పోయరాదు. దానిని మార్చి, పలుచన చేసి పోయవలె. అట్లు మార్చినదానినే బయోడీజిల్ అంటారు. జీవ ఇంధనము అని కూడా అంటారు.

ఎట్లు మారుస్తారో కొంచెము చెబుతాను. గింజనూనెలో ప్రతి రేణువు మూడు కొమ్మల పంగలకర్ర లాగా ఉంటుంది. మూడు కొమ్మలను పట్టి ఉంచే మొదలు గ్లిసరిన్. ఆ మూడు కొమ్మల వలననే నూనె ఒకదానికొకటి చిక్కుకొని చిక్కగా ఉంటుంది. మిథనాలు అనే సారాయి వంటి ద్రవమును, కొద్దిగా కాస్టిక్ క్షారమును కలిపి, సుమారు అరవై డిగ్రీల వేడిలో కలియబెడితే మూడు కొమ్మలు విడిపోతవి. గ్లిసరిన్ బరువెక్కి అడుగుకు దిగుతుంది. పైన తేలే పలుచని ద్రవమే బయోడీజిల్. నూరు లీటర్ల నూనెకు ఇరవై లీటర్లవరకు మిథనాలు పడుతుంది. ఇంచుమించు నూరు లీటర్ల బయోడీజిల్, పది లీటర్ల గ్లిసరిన్ వస్తవి. తరువాత దానిని నీటితో కడిగి, నీరు పోయేవరకు ఆరబెట్టవలె.

ఇది కూడా కొత్త విద్య కాదు. 1937లో బెల్జియం దేశములో దీనికి పేటెంటు తీసికొన్నారు. 1938లో పామాయిలును ఇట్లు మార్చి బ్రస్సెల్స్, లూవెన్ పట్టణముల నడుమ ప్రయాణీకుల బస్సు నడిపించినారు. మన దేశములో 2002 డిసెంబరు 31న ఢిల్లీ నుండి అమృతసర్ పోయే శతాబ్ది రైలును నూటికి 5 పాళ్లు బయోడీజిల్ కలిపి నడిపి చూచినారు.

కానుగ నూనెలో ఒక చిక్కు ఉన్నది. గింజలు తడిసినా, గోతాములలో నెలల తరబడి ముక్కినా, నూనెలో పులుపు, అనగా ఆమ్లము, పెరుగుతుంది. ఆమ్లము సుమారు రెండు పాళ్లు మించితే, క్షారము కలిపినప్పుడు బయోడీజిల్‌కు బదులు సబ్బు అవుతుంది. అటువంటి నూనెకు ముందుగా ఆమ్లముతో ఒక విడత శుద్ధి చేసి, పిదప క్షారపు పని చేయవలె. అందువలన రైతు చేతిలో ఉన్న పని ఏమంటే, కాయలు రాలిన వెంటనే ఏరుకొని, నీడలో బాగా ఆరబెట్టి, నెమ్ము తగలకుండా ఉంచి, తొందరగా ఆడించుకొనుట. మంచి బయోడీజిల్ సగము మిల్లుకు పోకముందే తయారవుతుంది.

ఇంటివద్ద డ్రమ్ములో చేసికొందామని ఎవరైనా అనుకొంటే, వద్దని నా మనవి. మిథనాలు విషము. ఒక గుటక లోపలికి పోతే చూపు పోతుంది, ప్రాణము కూడా పోతుంది. చర్మము గుండా, ఊపిరి గుండా కూడా లోపలికి పోతుంది. దాని మంట పగటివేళ కంటికి కనపడదు. పిల్లలు తిరిగే ఇంటిలో అది ఉండదగిన వస్తువు కాదు. దాని అమ్మకము, నిలువ ప్రభుత్వ నియంత్రణలో ఉన్నవి. మేము నలుగురము కలిసి గింజలు ఎత్తించి, నూనె ఆడించి, ఎల్లకు అవతల కర్ణాటకలో ఈ పనికే ఏర్పాటైన ఒక చిన్న యూనిట్టుకు ఇచ్చి మార్పించుకొన్నాము. హాసన్ దగ్గర మాడెనూరులో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు 2007లో జీవ ఇంధన పార్కు స్థాపించినారు. కానుగ, వేప, ఇప్ప వంటి చెట్ల నూనెల మీద అక్కడ మంచి పని జరిగింది.

మార్పించి తెచ్చినది మంచిదో కాదో ఎట్లు తెలియును? భారత ప్రమాణాల సంస్థవారు బయోడీజిల్‌కు ఐ.ఎస్. 15607 అని ఒక ప్రమాణము పెట్టినారు. ఆ పరీక్ష కాగితము అడిగి తీసికొనవలె. కాగితము ఉన్నా, ఇంట్లో సీసా పరీక్ష ఒకటి చేసికొనండి. తేటగాజు సీసాలో సగము బయోడీజిల్, సగము మంచినీళ్లు పోసి, మూత బిగించి, పది లెక్కబెట్టేవరకు గట్టిగా కుదిపి నిలబెట్టండి. అరగంటలో రెండూ శుభ్రముగా విడిపోవలె. నడుమ పెరుగులాంటి పొర నిలిచినా, అంతా మజ్జిగలాగా అయినా దానిలో సబ్బు ఉన్నది, లేక నూనె సరిగా మారలేదు. అది ట్యాంకీలో పోయతగదు. విస్తరణ కార్యకర్తలు మరొక పరీక్ష చేయవచ్చును. ఒక పాలు బయోడీజిల్‌ను తొమ్మిది పాళ్ల మిథనాలులో కలిపితే పూర్తిగా కరగవలె. అడుగున నూనె చుక్కలు నిలిస్తే పని సగములోనే ఆగిందన్నమాట. ఈ పరీక్ష లాబొరేటరీలో చేయవలసినది, వంటింట్లో కాదు.

ఇక బండి విషయము. అన్ని బండ్లకు ఇది తగదు. నా వ్యాను వంటి పాతకాలపు ఇంజన్లు, మెకానికల్ పంపు ఉన్నవి, నూటికి 20 పాళ్లవరకు మంచి బయోడీజిల్‌ను ఓర్చుకొంటవి. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్. 6 బండ్ల సంగతి వేరు. వాటిలో నూనెను నొక్కే ఒత్తిడి చాలా ఎక్కువ, పొగగొట్టములో మసిని పట్టే జల్లెడ ఉంటుంది, అంతా కంప్యూటరు అజమాయిషీ. అటువంటి బండిలో కంపెనీవారి పుస్తకములో రాసినదానికి మించి ఒక్క పాలు కూడా కలుపవద్దు. మన దేశపు డీజిల్ ప్రమాణమే 7 పాళ్లవరకు బయోడీజిల్‌ను ఒప్పుకొంటున్నది. కొత్తబండివారు అక్కడితో తృప్తి పడవలె. వారంటీ పోగొట్టుకొని నా పేరు చెప్పవద్దు.

పాతబండిలో మొదట 5 పాళ్లతో మొదలుపెట్టి, రెండు ట్యాంకీలు తిరిగినాక 10, ఆ తరువాత 20కి పోవలె. ట్యాంకీలో ముందు సగము డీజిల్, దానిమీద బయోడీజిల్, మళ్లీ డీజిల్ పోస్తే తనంతట తానే కలిసిపోతుంది. బయోడీజిల్ కొంచెము బరువు గనుక అడుగున ముందుగా పోస్తే అక్కడనే నిలబడవచ్చును.

రెండవసారి కూడా నా బండి దారిలో నిలిచింది, చెప్పకుండా దాచను. అప్పటికి ఆరు వందల కిలోమీటర్లు తిరిగింది. గుండె ఆగినంత పని అయింది. అయితే ఈసారి తప్పు నూనెది కాదు. బయోడీజిల్‌కు కడిగే గుణము ఉన్నది. పదేండ్లుగా ట్యాంకీ అడుగున, పైపులలో పేరుకొన్న మడ్డిని అంతా కడిగి తెచ్చి ఫిల్టరులో పెట్టింది. పది నిముషములలో కొత్త ఫిల్టరు వేసి బయలుదేరినాను. ఈ సంగతి ముందే విని ఉంటిని గనుక సీటు కింద ఒక ఫిల్టరు పెట్టుకొని ఉన్నాను. మీరు రెండు పెట్టుకొనండి.

డీజిల్ పైపులు కూడా చూచుకొనవలె. పాత రబ్బరు పైపులు బయోడీజిల్ తగిలి ఉబ్బి, మెత్తబడి, చెమ్మగిల్లుతవి. నా బండిలో ఫిల్టరుకు పోయే పైపు మూడవ నెలలో చెమటపట్టినట్లు కనిపించింది. బయోడీజిల్‌కు ఓర్చే రకము పైపు వేయించినాను. నిలువకు రాగి, ఇత్తడి, జింకు పూత డబ్బాలు పనికిరావు. ఇనుప డ్రమ్ములో, కాదంటే మంచి ప్లాస్టిక్ క్యానులో, నీడలో, మూత బిగించి ఉంచవలె. గాలికి, ఎండకు అది ముక్కిపోతుంది. నీటిని కూడా లాగుకొంటుంది. మూడు నెలలకు సరిపడ మాత్రమే చేయించుకొనండి. ఒక మేలు ఏమంటే, దానికి నిప్పు తొందరగా అంటదు. నూరు డిగ్రీల పైన వేడెక్కితే గాని మండే ఆవిరి లేవదు. ఇంజను ఆయిలు మాత్రం మునుపటికంటే ముందుగా మార్చుతూ, వేలికి అంటించుకొని చిక్కదనము చూస్తూ ఉండండి.

మైలేజి తగ్గుతుందా అని అందరూ అడుగుతారు. ఉత్త బయోడీజిల్‌లో లీటరుకు శక్తి డీజిల్ కంటే నూటికి ఎనిమిది, తొమ్మిది పాళ్లు తక్కువ. 20 పాళ్లు కలిపినప్పుడు ఆ తగ్గుదల ఒకటి, రెండు పాళ్లకు మించదు. బరువు వేసే తీరులో, టైరు గాలిలో వచ్చే తేడా అంతకంటే ఎక్కువ. నేను పుస్తకములో రాసి చూచినాను, నాకు తేడా పట్టుబడలేదు. నల్లపొగ తగ్గింది, అది కంటికే కనబడింది.

ఇప్పుడు అసలు లెక్క. దీనికోసమే మిమ్ములను ఇంతసేపు కూర్చోబెట్టినాను. పల్లె మిల్లులో నాలుగు కిలోల గింజలు ఆడిస్తే ఒక లీటరు నూనె వస్తుంది. నా వ్యానుకు నెలకు సుమారు రెండు వందల లీటర్లు పోయవలె. అందులో 20 పాళ్లంటే నలభై లీటర్లు. ఏడాదికి 480 లీటర్లు. దానికి గింజలు 1920 కిలోలు, అనగా దగ్గర దగ్గర రెండు టన్నులు! చెట్టుకు ఇరవై కిలోల గింజలు లెక్క వేసినా 96 చెట్లు కావలె. ఒక్క వ్యానుకు, అందులోను అయిదవ వంతు మేతకు, నూరు చెట్లు. నాకు బావిగట్టు మీద ఉన్నవి పదకొండు. ఈ లెక్క ముందే వేసికొని ఉంటే, ఊరిలో డీజిల్ బంకు మూయిస్తానని ప్రగల్భాలు పలికి ఉండేవాడిని కాను.

డబ్బు లెక్క కూడా వేయండి. ధరలు రోజుకొక తీరు గనుక పద్ధతి మాత్రమే చెబుతాను. కిలో గింజ ముప్పై రూపాయలు అనుకొందాం. లీటరు నూనెకు నాలుగు కిలోలు, నూట ఇరవై. మిల్లు కూలి పది. మొత్తము నూట ముప్పై. మూడు కిలోల చెక్క మిగులుతుంది. కిలో ఇరవై చొప్పున అరవై తీసివేస్తే నూనె డెబ్బైకి పడింది. మార్పించేందుకు పాతిక. బయోడీజిల్ తొంభై అయిదు. ఇది డీజిల్ ధరకు అటో ఇటో. అంటే గింజలు కొని చేయిస్తే మిగిలేది ఏమీ లేదు. చెక్కకు ధర రాకపోతే నష్టమే. గింజలు మన చెట్లవై, ఏరి కొట్టే కూలి ఇంటిదై, చెక్క మన చేనికే పోతే అప్పుడు లాభము కనబడుతుంది.

చెక్క మాట తేలికగా తీసికొనకండి. కానుగ చెక్కలో నత్రజని నూటికి సుమారు నాలుగు పాళ్లు ఉన్నది. టమాటా మళ్లకు, చీనీ చెట్ల పాదులకు మంచి ఎరువు. చెదలు, నులిపురుగు కూడా వెనుకంజ వేస్తవి. పశువులకు మాత్రం పెట్టరాదు, చేదు, విషగుణము ఉన్నది. నిజము చెప్పవలెనంటే మా నలుగురిలో ఇద్దరికి బండికంటే చెక్కవలననే ఎక్కువ లాభము కలిగింది. వారిలో ఒకాయనకు బండే లేదు.

చెట్లు లేనివారు రేపే నాటి ఎల్లుండి నూనె పిండుకొందామనుకోరాదు. కానుగ నాటిన నాలుగు నుండి ఏడేండ్లకు గాని కాపు పట్టదు. ఏడాదికొక తీరు కాస్తుంది. నిరుడు వాన తప్పితే మా చెట్లు సగము కూడా కాయలేదు. నేను 20 పాళ్లనుండి 10కి దిగినాను. అయితే అది గట్టున ఉన్నందువలన నష్టము లేదు. చిక్కుడు జాతి చెట్టు గనుక గాలిలో నత్రజనిని నేలకు తెస్తుంది. ఆకు పచ్చిరొట్ట ఎరువు, నీడ సరేసరి. చేను నడుమ తోటగా వేయమని మాత్రం నేను చెప్పను. అడవి ఆముదము కథ మీకు గుర్తున్నది గదా! 2003లో ప్రణాళికా సంఘము నివేదిక వచ్చినాక, దేశమంతటా జట్రోఫా జట్రోఫా అని ఒకటే హడావుడి. బీడు భూమిలో, నీరు లేకుండా, బంగారము పండుతుందన్నారు. మన రాయలసీమ మెట్టలలో కూడా నాటించినారు. నీరు లేని చెట్టు బ్రతికిందే గాని కాయలేదు. 2009 నాటి జాతీయ విధానములో 2017కు నూటికి 20 పాళ్లు కలుపవలెనని రాసికొన్నారు. అది జరుగలేదు. 2018 విధానములో 2030కి 5 పాళ్లన్నారు. ఈ అంకెలు పడిపోయిన తీరు చూస్తే, మొక్కలు అమ్మవచ్చినవాడిని "కాయలు నీవే కొంటావా, ఏ ధరకు, కాగితము మీద రాస్తావా" అని అడగవలెనని తెలుస్తుంది.

వాడిన వంటనూనెతో కూడా బయోడీజిల్ అవుతుంది. హోటళ్లలో మాటిమాటికి కాగిన నూనె తిరిగి వంటలోకి రాకుండా, బయోడీజిల్‌కు మళ్లించుటకు ఆహార భద్రత సంస్థవారు 2018లో రూకో అనే పథకము పెట్టినారు. పుట్టపర్తి, హిందూపురం, కదిరి వంటి ఊళ్లలో హోటళ్లకు కొదువ లేదు. యువకుల సంఘాలు ఈ దారి ఆలోచింపవచ్చును. మరొక హెచ్చరిక. బయోడీజిల్ అని పేరు పెట్టి, ఏవేవో పారిశ్రామిక నూనెలు చవుకగా డ్రమ్ములలో అమ్మేవారు ఉన్నారు. లీటరుకు పది రూపాయలు తక్కువ అని పోయించుకొంటే, నా పచ్చి కానుగ నూనెకంటే ముందుగా పంపు చెడుతుంది. సీసా పరీక్ష ఒప్పుకోనివాడివద్ద కొనకండి.

పోయిన వారము ఒక రైతు అడిగినాడు, బావిమీది పాత ఆయిలు ఇంజనుకు పచ్చి కానుగ నూనె పోయవచ్చునా అని. అది నెమ్మదిగా తిరిగే ఇంజను గనుక జనరేటరు కోవలోకి వస్తుంది. డీజిల్‌తో మొదలుపెట్టి, ఇంజను వేడెక్కినాక బాగా వడగట్టి, మడ్డి దిగనిచ్చిన నూనెకు మార్చి, ఆపేముందు మళ్లీ పది నిముషాలు డీజిల్ మీద నడిపితే కొంతవరకు ఫరవాలేదు. ఇందుకు రెండు చిన్న ట్యాంకీలు, నడుమ ఒక కొళాయి కావలె. నాజిల్‌ను తరచు విప్పి చూడవలె. అయినా నన్నడిగితే అక్కడ కూడా మార్చిన నూనెయే మేలు.

మా పక్క చేని అక్క పది నెలల తరువాత మళ్లీ నా బండికి బాక్సులు ఎత్తింది. ఎత్తేముందు ట్యాంకీ మూత తీయించి, వాసన చూచి, "ఈసారి దీపాల నూనె కాదు గదా తమ్ముడా" అన్నది. సీటు కింద సీసా ఉంటే తీసి, నీళ్లు పోసి, కుదిపి ఆమె చేతికిచ్చినాను. విడిపోయేదాకా అరగంట నిలబడి చూచి, అప్పుడు బాక్సులు ఎత్తమన్నది. ఆ రోజు మార్కెట్టుకు కొంచెము ఆలస్యముగానే పోయినాము.

కానుగ కాయ రాలే కాలము వేసవికి ముందర వస్తుంది. తార్పాలు గుడ్డలు, పొడి గోతాములు ఇప్పుడే చూచుకొనండి.